పెరుగు అడగని పదిమంది

ఎర్ర టేపు గిన్నెలో పాలు తోడేసి ఉన్నాయి. మూడు లీటర్లు.

సంధ్య మూత చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. శుక్రవారం మధ్యాహ్నం మూడు దాటింది. ఆరింటికి పదిమంది పిల్లలు, ప్రిన్సిపాల్ ఇక్బాలున్నీసా మేడమ్, లెక్కల ఓంకార్ సార్ భోజనానికి వస్తున్నారు. వాళ్లకు పెట్టాల్సిన కోడికూర వండాల్సింది ఆ గిన్నెలోనే.

"అత్తమ్మా, గీ గిన్నెల పాలెవరు పోసిండ్రు?"

ఇంట్లో ఉన్నది ముగ్గురు. భర్త నర్సింగ్ మబేలాలోని కన్‌స్ట్రక్షన్ సైట్ నుంచి వచ్చి పది నిమిషాలు కాలేదు, ఇంకా బూట్లు కూడా విప్పలేదు. కాబట్టి ఇది ప్రశ్న కాదని శాంతవ్వకు అర్థమైంది. చాప మీద కూర్చుని మెంతికూర తెంపుతున్న ఆవిడ తల ఎత్తకుండానే జవాబిచ్చింది.

"దయ్యాలు పోసినయ్."

ఈ పోట్లాటకు మూలం మస్కట్‌లో, అజైబాలోని ఆ ఫ్లాట్‌లో లేదు, సముద్రం అవతల కొచ్చిలో ఉంది. సంధ్య సోషల్ టీచరు. తొమ్మిదో తరగతి పిల్లల్ని పదిమందిని కొచ్చికి తీసుకెళ్లి, అక్కడి యూదుల పాత వీధి, వాళ్ల ప్రార్థనా మందిరమైన సినగోగ్ చూపించాలని రెండు నెలలుగా వాళ్లను తయారు చేస్తోంది. ఆ వీధిలోనే ఉండే ఒక పెద్దావిడ పిల్లలకు తన ఇంట్లో శుక్రవారం సాయంత్రం భోజనం పెడతానని ఫోన్లో ఒప్పుకుంది. ఒప్పుకుంటూ ఒకే ఒక్క షరతు పెట్టింది. తన బల్ల మీద కోడికూర ఉంటుంది, దాంతో గానీ దాని తర్వాత గానీ ఎవరూ పాలు, పెరుగు అడగకూడదు. మాంసం, పాలు కలవకూడదన్నది వాళ్ల కోషరు నియమం. గిన్నెలు కూడా వేరు వేరు.

ఇదేం పెద్ద షరతని సంధ్య నవ్వుకుంది. బడి క్యాంటీన్‌లో మొదటి రిహార్సల్ అయ్యాక ఆ నవ్వు పోయింది. పదిమందీ కోడికూరతో అన్నం తిన్నారు, పదిమందిలో ఎనిమిది మంది చెయ్యెత్తి "మేడమ్, పెరుగు?" అన్నారు. మిగిలిన ఇద్దరూ ఇంటి నుంచి డబ్బాలో తెచ్చుకున్నారు.

అందుకే ఈ ఇంటి రిహార్సల్. నర్సింగ్ సైట్లో సేఫ్టీ సూపర్వైజరు కాబట్టి గోతుల చుట్టూ కట్టే ఎర్ర టేపు ఒక చుట్ట, పైపులకు చుట్టే నీలం టేపు ఒక చుట్ట తెచ్చాడు. మాంసం గిన్నెలకు ఎర్రది, పాల గిన్నెలకు నీలం. అలమరలకు, గరిటెలకు, ఆఖరికి గిన్నెలు తోమే పీచులకు కూడా చుట్టేశారు. టేపులు చుట్టిన రోజు మధ్యాహ్నం నిద్రలేచి వంటింట్లోకి వెళ్లిన శాంతవ్వ వెనక్కి వచ్చి, లోపల ఎవరన్నా చచ్చిపోయారా అని అడిగింది.

"పాలకు నీలం టేపు అని నెల నుంచి చెప్తున్న గద అత్తమ్మా. అంత పెద్ద నీలం గిన్నె పక్కనే ఉండె."

"నీలం శని రంగు," అంది శాంతవ్వ. "పాలంటే లక్ష్మి. లక్ష్మిని తీస్కపోయి శని ఇంట్ల కూసోబెట్టమంటవా? ఎర్రది కుంకుమ రంగు. మంచిగ తోడుకుంటదని అండ్ల పోసిన."

సంధ్య పదమూడేళ్లుగా పాఠాలు చెబుతోంది. నీలం శని రంగని ఏ పాఠంలోనూ చెప్పలేదు.

నర్సింగ్ ఇద్దరినీ చూసి, గిన్నెల జోలికి పోకుండా టేపులు మార్చేస్తే సరిపోతుంది కదా అన్నాడు. ఎర్రది ఊడదీసి నీలం చుడితే అది పాల గిన్నె అయిపోతుంది, నీలం దానికి ఎర్రది చుట్టి కోడికూర వండొచ్చు. నీలం గిన్నెలో నిన్ననే పాయసం వండిన సంగతి అతనికి గుర్తులేదు. అత్తా కోడళ్లు ఆ మధ్యాహ్నం మొదటిసారిగా ఒకే మనిషిని ఒకే రకంగా చూశారు. నర్సింగ్ స్నానానికి వెళ్లిపోయాడు.

అతను వెళ్లాక అసలు మాట బయటికొచ్చింది. ఇంటికొచ్చిన పదిమందిని పెరుగు వేయకుండా విస్తరి ముందు నుంచి ఎలా లేపుతారని శాంతవ్వ అడిగింది. తన పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ అలాంటి పని జరగలేదంది. పాడి లేని కరువు ఏళ్లల్లో కూడా పక్కింటి నుంచి చల్ల తెచ్చి పోసిన చెయ్యి తనదంది. రేపు ఆ పిల్లల తల్లులు శాంతవ్వ కోడలి ఇంట్లో పెరుగుకు గతి లేదని అనుకుంటే ఆ పరువు ఎవరు తెస్తారంది.

సంధ్యకు గడియారం కనిపిస్తోంది. దానికి తోడు పోయిన నెల సంగతి గుర్తొచ్చింది. 'యూదులు' అన్న మాటను 'యుద్ధాలు' అని విని, కోడలు బడిపిల్లల్ని యుద్ధానికి తీసుకుపోతోందని ఈవిడే జగిత్యాలకు ఫోన్ చేసింది. ఆ కబురు చుట్టాల ఫోన్లు తిరిగి తిరిగి మళ్లీ మస్కట్ చేరి, ఇద్దరు తల్లులు సంతకం పెట్టిన కాగితాలు వెనక్కి ఇవ్వమని బడికి వచ్చారు. ఆ మంట ఆరి పది రోజులే అయింది.

"మీకు జెప్తే తెల్వది అత్తమ్మా," అంది సంధ్య. "ఇది సదువుకున్నోళ్ల ముచ్చట."

అనేశాక నాలుక కరుచుకుంది. కానీ మాట పెదవి దాటింది.

శాంతవ్వ తెంపిన మెంతికూరను, తెంపని మెంతికూరను ఒకే గిన్నెలో వేసి లేచింది. నర్సింగ్ తల తుడుచుకుంటూ బయటికి రాగానే అతనికి చెప్పింది.

"నర్సింగూ, మీ టీచరమ్మకు చెప్పు. అల్లం అయిపోయింది."

టీచరమ్మ రెండడుగుల దూరంలోనే ఉంది. అయినా నర్సింగ్ తిరిగి, అల్లం అయిపోయిందట అని చెప్పాడు. పన్నెండేళ్ల కాపురంలో అతను నేర్చుకున్న సేఫ్టీ అది.

సంధ్య వంటింటి గట్టు మీద చేతులు ఆనించి నిలబడింది. బాధగా ఉంది, కోపంగానూ ఉంది, ఏది ముందో తెలియడం లేదు. మేడమ్ బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి కొచ్చి. రెండోది ఓంకార్ సార్ ఏటా పెట్టే దుబాయి వాటర్ పార్కు. ఈ సాయంత్రం పిల్లల తీరు చూసి, నచ్చితే ఇక్కడే కొచ్చి కాగితం మీద సంతకం పెడతానని మేడమ్ చెప్పింది. ఆదివారం పొద్దున అది మేనేజ్‌మెంట్‌కు పోవాలి. సంతకం పడకపోతే పిల్లలు మళ్లీ నీళ్లలో జారడానికి పోతారు.

ఆ కాగితం సంధ్యకు కేవలం కాగితం కాదు. తను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు బడి నుంచి నాగార్జునసాగర్‌కు బస్సు కట్టారు. జాబితాలో తనది పదో పేరు. బయల్దేరే ముందు రోజు నాయన బడికి వెళ్లి ఆ పేరు కొట్టేయించాడు. బస్సు తమ ఇంటి ముందు నుంచే పోయింది. దాని వెనక రాసి ఉన్న నంబరు సంధ్య ఇప్పటికీ తడుముకోకుండా చెప్పగలదు.

హాల్లో శాంతవ్వ కొడుకును మెల్లగా అడుగుతోంది. ఆ గిన్నెకు వచ్చిన రోగమేంటో, కడిగితే పోదా అని. నర్సింగ్ తనకు తెలిసిన భాషలో చెప్పబోయాడు. కోషరు అనేది ఒక సేఫ్టీ రూలు, హెల్మెట్ లేకుండా సైట్లోకి పోనట్టే అన్నాడు. శాంతవ్వ మధ్యలోనే అడ్డుపడింది.

"మీ నాయిన ఒక్కపారి నా బోనం కుండల కల్లు పోసిండు. యాదికున్నదా?"

"ఉన్నది."

"ఆ కుండనేం జేసిన?"

"పలగ్గొట్టినవ్."

"కడిగితే పోకుండెనా?"

"పోదంటివి గదా. అంటు అయిందంటివి."

"మరి ఇది గూడ గదేనా?"

"గదే అవ్వా."

"గట్ల చెప్పరాదు. రెండు నెలల సంది కోషరు కోషరు అంటే నాకేం తెలుస్తది," అంది శాంతవ్వ గోడ వైపు చూసి. గోడ అవతల సంధ్య వింది.

తర్వాత ఆవిడ గదిలోకి వెళ్లి మంచం కింది సూట్‌కేసు లాగిన చప్పుడైంది. తిరిగి వచ్చినప్పుడు చేతుల్లో కొత్త బగోనె ఉంది. మబేలాలో నాలుగు దుకాణాలు తిరిగి, అడుగు మందం గోటితో మీటి చూసి కొన్నది, ఊరికి తీసుకుపోవడానికి చీరల మధ్య దాచుకున్నది. ఇంకా స్టిక్కర్ కూడా ఊడలేదు. దాన్ని పొయ్యి మీద పెట్టి, ఎర్ర టేపు తనే పళ్లతో తెంపి చుట్టూ చుట్టింది.

"నర్సింగూ, చెప్పు. ఇది ఎవ్వరు ముట్టనిది. దీంట్ల వండుకోమను."

సంధ్య థాంక్స్ చెప్పడానికి నోరు తెరిచింది. శాంతవ్వ అప్పటికే పెరుగు గిన్నె చంకనేసుకుని బాల్కనీకి వెళ్లిపోయింది, దాన్ని వాషింగ్ మెషీన్ మీద పెట్టి తువ్వాలు కప్పింది. ఆ పెరుగును మాత్రం పారబోయనివ్వలేదు.

ఆరింటికి పిల్లలు వచ్చారు. సంధ్య బేకరీ వాడికి బొమ్మ చూపించి అల్లించిన రొట్టెలు రెండు బల్ల మీద పెట్టింది. రొట్టెకు జడ వేసిన వాళ్ల చెయ్యి చల్లగుండ అని శాంతవ్వ ముచ్చటపడింది. దీపాలు మాత్రం వెలిగించలేదు. ఇది బల్ల ముందు కూర్చోవడం నేర్చుకోవడమే, దీపాలు వాళ్ల పూజ, దాన్ని మనం ఆటగా ఆడకూడదని సంధ్య పిల్లలకు ముందే చెప్పింది.

మేడమ్ రావడానికి ఇంకా పావుగంట ఉండగా శాంతవ్వ పిల్లల మధ్య కూర్చుంది. సంధ్య రెండు నెలలు ప్రొజెక్టర్ పెట్టి చెప్పిన పాఠాన్ని రెండు ముక్కల్లో తేల్చేసింది. కోడి గిన్నె వేరు, పాల గిన్నె వేరు, రెండూ కలిస్తే అంటు, అంటైన దాన్ని ఎవ్వరూ తినరు. మీ అవ్వలు మడి కట్టుకుంటే మీరు ముట్టుకుంటారా? ముట్టుకోరు. ఇదీ గంతే. పిల్లలు తలలూపారు. పెరుగన్నంతోనే తెల్లవారే కడప పిల్లవాడు వీరబ్రహ్మం అందరికంటే గట్టిగా ఊపాడు.

పిల్లల నాయకురాలు ఇఫ్రా, హైదరాబాద్ అమ్మాయి, ఆవిడకు తిరిగి పాఠం చెప్పింది. శుక్రవారం పొద్దు గూకిన దగ్గర్నుంచి శనివారం చుక్కలు పొడిచేదాకా వాళ్లకు విశ్రాంతి రోజు, దాన్ని సబ్బాత్ అంటారు. పొయ్యి ముట్టించరు, అమ్మరు, కొనరు, డ్యూటీ చేయరు, ఊళ్లు తిరగరు.

"ఆడోళ్లు గూడ పొయ్యి ముట్టియ్యరా?"

"ఎవ్వరూ ముట్టించరు నానీమా. ముందు రోజే వండి పెట్టుకుంటారు."

"నేనూ శనివారం ఒక్కపొద్దుంట," అంది శాంతవ్వ. "కని పొయ్యి ముట్టిచ్చుడు తప్పలే. నలభై ఏండ్లల్ల నాకు గసొంటి సెలవెవ్వలియ్యలే. మంచి దేవుడే వాళ్ల దేవుడు."

ఆ మాట వంటింట్లో ఉన్న సంధ్యకు గుచ్చుకుంది. రాత్రికి అత్తమ్మ కాళ్లు పట్టుకునైనా సరే క్షమించమని అడగాలనుకుంది. అంతలో బెల్ మోగింది.

ఇక్బాలున్నీసా మేడమ్ ఫైలు చంకలో పెట్టుకుని వచ్చింది. ఓంకార్ సార్ ఉట్టి చేతులతో, చక్కని నవ్వుతో వచ్చాడు. ఆ నవ్వులో వాటర్ పార్కు కనిపించింది సంధ్యకు.

భోజనం మొదలైంది. పిల్లలు చేతులు కడుక్కున్నారు, రొట్టె విరిచి పక్కవాళ్లకు అందించారు, పెద్దవాళ్లు మొదలుపెట్టేదాకా ఆగారు. కోడికూర అదిరింది. రెండోసారి అన్నం పెట్టుకున్నారు. ఇక కూర అయిపోయి కంచంలో అన్నం మిగిలే ఆ ప్రమాదపు క్షణం వచ్చింది. బాల్కనీ తలుపు సందులోంచి తోడుకున్న పెరుగు కమ్మని వాసన చల్లగా లోపలికి వస్తోంది.

వీరబ్రహ్మం చెయ్యి లేచింది. సంధ్య కుర్చీలోంచి సగం లేచింది.

"మేడమ్," అన్నాడు వాడు గుటక మింగి. "నీళ్లు."

నీళ్లు పోశారు. వాడు వట్టి అన్నాన్ని నీళ్లతో మింగాడు. ఆ పిల్లవాడికి ఏదైనా బహుమతి ఇవ్వాలని సంధ్య మనసులో రాసుకుంది. ఒకరి తర్వాత ఒకరు కంచాలు ఖాళీ చేశారు. తొమ్మిది మంది. పదిమంది. ఒక్కరూ అడగలేదు.

అప్పుడు ఓంకార్ సార్ చుట్టూ చూసి, అలవాటు కొద్దీ చెయ్యి చాపి, "కొంచెం పెరుగుంటే పొయ్యండ్రమ్మా," అన్నాడు.

"అంటు సార్," అన్నారు పదిమందీ ఒక్క గొంతుతో.

మేడమ్ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. ముప్పై ఏళ్లలో ఏ స్కూలు పిల్లలూ ఏ పాఠాన్నీ ఇంత బాగా ఒంట పట్టించుకోవడం తను చూడలేదని, ఓంకార్ సార్ కూడా వీళ్లతో పాటు క్లాసుకు కూర్చోవాలని అంది. సార్ నవ్వు సగానికి తగ్గింది. మేడమ్ చెయ్యి తుడుచుకుని, ఫైలు తెరిచి, పెన్ను మూత తీసింది. మూలన నిలబడ్డ నర్సింగ్ భార్య వైపు చూసి బొటనవేలు ఎత్తాడు.

"సంతకానికి ముందు ఒకసారి ప్రోగ్రామ్ చదువు బేటా. అందరూ వినాలి," అంది మేడమ్ ఇఫ్రాతో.

ఇఫ్రా నిలబడి చదివింది. గురువారం సాయంత్రం విమానం. శుక్రవారం పగలు కోట, సముద్రపు ఒడ్డు, చేపల వలలు. శుక్రవారం సాయంత్రం పెద్దావిడ ఇంట్లో భోజనం. శనివారం పొద్దున పది గంటలకు సినగోగ్ లోపలికి ప్రవేశం, చెప్పులు బయట విడిచి, చైనా నుంచి వచ్చిన నీలం, తెలుపు నేల పలకలు చూడటం. శనివారం రాత్రి తిరుగు విమానం. ఆదివారం పొద్దున బడి.

"ఒక్క క్లాసు కూడా పోదు," అంది మేడమ్ మెచ్చుకోలుగా. "నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే సంధ్యా. పరీక్షలకు ముందు మిగిలిన సెలవులు ఈ రెండే."

సంధ్య గర్వంగా తల వంచింది. శుక్ర, శనివారాలు ఒమన్‌కు సెలవు. ఆ రెండు రోజుల్లో అన్నీ ఇమిడేలా ఈ ప్రోగ్రామ్‌ను పదహారు సార్లు మార్చి రాసింది తను. టికెట్లు కూడా ఆ తేదీలకే పట్టి ఉంచింది.

పెన్ను కాగితం మీదికి వంగింది.

గుమ్మంలో కూర్చున్న శాంతవ్వ కొడుకును పిలిచింది.

"నర్సింగూ. మీ టీచరమ్మ నొకటడుగు."

"ఇప్పుడొద్దు అవ్వా," అన్నాడు నర్సింగ్ గొంతు తగ్గించి.

"అడుగనియ్యండి," అంది మేడమ్ నవ్వుతూ. "ఏంటమ్మా?"

"ఏం లేదు బిడ్డా. నేను సదువుకున్నదాన్ని గాదు, తెల్వక అడుగుతున్న. శనివారం నాడు వాళ్లు పొయ్యే ముట్టియ్యరని ఈ పిల్ల చెప్పింది. అమ్మరు, కొనరు, డ్యూటీ చెయ్యరనె. మరి శనివారం పొద్దుగాల మీరు పోతే ఆ గుడి తలుపు ఎవలు తీస్తరు?"

మేడమ్ చేతిలో పెన్ను ఆగింది. 

ఇఫ్రా చేతిలోని కాగితాన్ని మళ్లీ పైనుంచి కిందికి చదువుకుంది. వీరబ్రహ్మం పక్కవాడి వైపు, పక్కవాడు సంధ్య వైపు చూశారు. ఓంకార్ సార్ నవ్వు తగ్గిన సగం మళ్లీ వచ్చి చేరింది. సంధ్య ఇఫ్రా చేతిలోంచి కాగితం అందుకుంది. సబ్బాత్ అంటే ఏమిటో తనే ప్రొజెక్టర్ పెట్టి చెప్పింది, తనే ప్రశ్న ఇచ్చింది, తనే పదిమందికీ పదికి పది మార్కులు వేసింది. ఆ రోజునే తను తలుపు తట్టబోతున్నట్టు రాసుకుంది. ఒమన్ సెలవు చూసుకుంది గానీ వాళ్ల సెలవు చూసుకోలేదు. శుక్రవారానికి జరపడానికీ లేదు, ఆ రోజు సందర్శకులను లోపలికి పంపరని పెద్దావిడ ముందే చెప్పింది.

"సంధ్యా," అంది మేడమ్. గొంతులో కోపం లేదు, అందుకే సంధ్యకు భయం వేసింది. "శనివారం తెరుస్తారా?"

సంధ్య ఫోన్ చేసి కనుక్కుంటాననబోయింది. కొచ్చిలో ఇప్పుడు పొద్దు గూకి గంట దాటింది. ఆ పెద్దావిడ రేపు చుక్కలు పొడిచేదాకా ఫోన్ ఎత్తదు.

మేడమ్ పెన్నుకు మూత పెట్టింది. ఫైలు మూసి ఓంకార్ సార్ కుర్చీ వైపు, బల్ల అంచు మీద పెట్టింది. తర్వాత తన కంచాన్ని ముందుకు లాక్కుంది. అందులో ఇంకా నాలుగు ముద్దల అన్నం ఉంది.

"అమ్మా," అంది శాంతవ్వతో. "ఇందాకటి నుంచి మంచి వాసన వస్తోంది. ఆ పెరుగు కొంచెం తెప్పించండి."

పదిమంది పిల్లలూ ఒక్కసారిగా తలలు దించుకున్నారు. రిహార్సల్ అయిపోయిందని వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

శాంతవ్వ బాల్కనీలోకి వెళ్లి ఎర్ర టేపు గిన్నెను రెండు చేతులా పట్టుకుని వచ్చింది. పంతం గెలిచిన మనిషి ముఖం కాదు అది. తనేం చేసిందో అప్పుడే అర్థమవుతున్న మనిషి ముఖం. మేడమ్ కంచం దగ్గర ఆగి, గరిటె ముంచకుండా, మధ్యాహ్నం మూడు గంటల తర్వాత మొదటిసారి నేరుగా కోడలి కళ్లల్లోకి చూసింది.

"పొయ్యాల్నా బిడ్డా?"